అరచెయ్యంత బెరడు

ఒట్టు. మా అమ్మ మీద ఒట్టు, నా మీసం మీద ఒట్టు, ఈ కథ మీరు నమ్మరు. ముందే చెప్తున్నా. పోయినసారి పక్కూరోళ్ళకి చెప్తే "పోవయ్యా, కోతలు కొయ్యబాక" అని సగంలో లేచిపోయారు. పోయి ఏం చేశారు? మిగతా సగం తెలియక అన్నం సయించక, మళ్ళీ నా దగ్గరికే వచ్చి కూర్చున్నారు. మీరూ అంతే. పిల్లకాయల్లారా, కాళ్ళు ముడుచుకుని కూర్చోండి, చెప్తా.

కొండలకి ఇంకా పేర్లు పెట్టని కాలంలో ఒక రాజు ఉండేవాడు. ఆయన పేరు భీమరసు. ఎంత రాజంటే, ఆయన తుమ్మితే నాలుగూళ్ళ అవతల కోడిపుంజులు ఉలిక్కిపడి కూసేవి. ఆయనకి ఒక రాణి, నాగరత్తమ్మ. ముగ్గురు కొడుకులు. పెద్దోడు గజమల్లు. నడిపోడు జగమల్లు. చిన్నోడు పుట్టేసరికి పేర్లు అయిపోయినాయి, అందుకని చినమల్లు అన్నారు.

కోటలో వంటోళ్ళు నూటపదిమంది. అయినా రాణి కొడుకులకి తన చేత్తోనే అన్నం కలిపి ముద్దలు పెట్టేది. మీసాలొచ్చిన మగోళ్ళు ముగ్గురూ వరసగా కూర్చుని కాకిపిల్లల్లాగా నోళ్ళు తెరిచేవాళ్ళు. నవ్వబాకండి. మీ అమ్మ పెడితే మీరు తెరవరా?

ఆ రాజ్యానికి ఉత్తరాన ఒక కొండ. కొండ నిండా సోమిద చెట్లు. సోమిద అంటే ఆషామాషీ చెట్టు కాదు. దాని బెరడు నూరి కషాయం కాసి తాగితే ఎంతటి చలిజొరమైనా సరే, దుప్పటి విసిరికొట్టి పరిగెత్తాల్సిందే. మనిషి కాదు, జొరం.

ఆ బెరడు తీసేది కొండోళ్ళు. దానికో పద్ధతుంది. తీసే ముందు చెట్టుని అడగాలి, మనసులో కాదు, నోరు తెరిచి గట్టిగా. పొద్దుపొడిచే వైపు మాత్రమే తియ్యాలి. ఎంత తియ్యాలి? జొరమొచ్చిన మనిషి అరచెయ్యంత. పెద్దోళ్ళకి పెద్ద చెయ్యంత, పసిబిడ్డకి పసిచెయ్యంత, అంతే. తీసినచోట పేడ మెత్తి, దాని మీద తెల్లటి సుద్దమన్ను పూసి, మూడు వానలు కురిసేదాకా ఆ చెట్టు జోలికి పోకూడదు. మూడు వానలంటే మూడు చినుకులు కాదు నాయనా, మూడు వానాకాలాలు. అప్పటికి కొత్త బెరడు వస్తుంది. అట్టా కాకుండా చుట్టూ వొలిచారా, చెట్టు గొంతు కోసినట్టే. ఆకుకీ వేరుకీ మధ్య దారి తెగిపోద్ది.

ఒక ఏడు రాణికి చలిజొరం తగిలింది. కొండోళ్ళ పిల్ల అంకి వచ్చి, రాణి చెయ్యి కొలిచి, అంత బెరడు తెచ్చి నూరి ఇచ్చింది. మూడోనాటికి జొరం పారిపోయింది. అక్కడితో కథ అయిపోవాల. కానీ రాజుకి భయం పట్టుకుంది. పెళ్ళాం అంటే ఆయనకి ప్రాణం. "మళ్ళీ వస్తే? మళ్ళీ మళ్ళీ వస్తే?" అనుకున్నాడు. అనుకుని, కొండ మీదున్న బెరడంతా తెచ్చి కోటలో దాచమని భటుల్ని పంపాడు.

అంకి పరిగెత్తుకుంటా వచ్చింది. "రాజా, చుట్టూ వొలిస్తే చెట్టు చచ్చిపోద్ది!"

"పిచ్చి పిల్లా, చెట్టు కొండ మీదే ఉంటుంది. నేను తీసుకునేది బెరడేగా?"

చూశారా? తుమ్మితే కోళ్ళు కూసే రాజు, ఒక చెట్టుకి చర్మం ఎందుకో తెలియని రాజు.

ఎండాకాలం వచ్చేసరికి కొండ మీద ఒక్క చెట్టుకి ఒక్క ఆకు లేదు. నిలబడే చచ్చిపోయినాయి. కోటలో దాచిన బెరడు ఏమైంది? గది నిండా కుక్కారుగా, చెమ్మెక్కి బూజు పట్టింది. మిగిలింది చెదపురుగులు తిన్నాయి. ఆ రాజ్యంలో చెదపురుగులకి మాత్రం ఆ ఏడు జొరం రాలా.

వానాకాలం మొదలైంది. జొరం తిరిగొచ్చింది. ఊరంతా వణుకు. వణుకుడుకి ఇళ్ళ మీద పెంకులు గలగలమనేవి. రాణి కూడా పడకేసింది. ఏడు దుప్పట్లు కప్పినా ఆగని చలి. ముద్దలు కలిపే చెయ్యి మంచం మీద నుంచి లేవలా.

అంకి వచ్చి రాణి నాడి చూసింది. కొడుకులు ముగ్గుర్నీ పక్కకి పిలిచింది.

"మూడు పున్నములు. అంతకు మించి ఆగదు మీ అమ్మ."

"బెరడు యాడ దొరుకుద్ది?" అన్నాడు పెద్దోడు.

"లోకం మొత్తానికి ఇంకొక్కటే సోమిద చెట్టుంది. ఏడు సముద్రాల అవతల, ఒక దీవిలో. దాన్ని ధూమదండి అనే మంత్రగాడు కాస్తా ఉంటాడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలక ఆ చెట్టు తొర్రలో ఉంది."

ధూమదండి! పేరు పలికితేనే దగ్గొస్తుంది. మీరూ పలికి చూడండి. చెప్పలా?

పెద్దోడు గజమల్లు ముందు బయల్దేరాడు. "అరచెయ్యంత ఎందుకు? మోపులకి మోపులు తెస్తా, అమ్మకి నూరేళ్ళు సరిపోద్ది" అని గొడ్డలి తీసుకుని పోయాడు. తండ్రికి తగ్గ కొడుకు. ఒక పున్నమి పోయింది. పెద్దోడు రాలా.

నడిపోడు జగమల్లు బయల్దేరాడు. "బెరడు తర్వాత, ముందు చిలక మెడ తిప్పేస్తా" అని వల తీసుకుని పోయాడు. ఇంకో పున్నమి పోయింది. నడిపోడూ రాలా.

చినమల్లు గొడ్డలీ తీసుకోలా, వలా తీసుకోలా. కొండెక్కి అంకి గుడిసె ముందు నిలబడ్డాడు.

"నాకు బెరడు తియ్యడం నేర్పు."

అంకి వాణ్ణి పైనుంచి కిందికి చూసింది. "ఆ చేతుల్తోనా? వెన్న కూడా తియ్యలేవు ఆ చేతుల్తో."

"అందుకే నేర్పమంటున్నా."

చచ్చిన చెట్టు మానునే చూపించి మూడు రోజులు నేర్పింది. గాటు ఎంత లోతు పెట్టాలో, బెరడు ఎట్టా ఎత్తాలో, పేడ ఎంత చిక్కగా కలపాలో. వాడు కలిపిన పేడ చూసి, "ఇది పూతా, పులుసా రాజుగారబ్బాయీ?" అనేది. వాడు మళ్ళీ కలిపేవాడు. అలగలా. నాలుగోరోజు పొద్దున అంకి ఒక చిన్న కత్తి చేతిలో పెట్టి, "ఇక పో. అమ్మ చెయ్యి కొలత మర్చిపోబాక" అంది.

చినమల్లు కోటకి పోయి, పసుపు తడిపి, తల్లి అరచేతికి రాసి, తెల్లగుడ్డ మీద ఆ చెయ్యి అద్దాడు. ఆమె కళ్ళు తెరిచి, "అన్నం తిన్నావా?" అంది. అంత జొరంలో! వాడు తల ఊపి, గుడ్డ మడిచి గుండెకాడ పెట్టుకుని బయల్దేరాడు.

దారిలో ఎండిపోయిన అడవి. ఒక ఎలుగుబంటి, ఎండి పగిలిన మాను చీలికలో చెయ్యి ఇరుక్కుని మూలుగుతా ఉంది. చినమల్లు చీలికలో రాయి దోపి చెయ్యి విడిపించాడు. "నీ వెంట నేనూ వస్తా" అంది ఎలుగు.

ఇంకొంచెం దూరం పోతే ఒక వడ్రంగిపిట్ట, దాహంతో సొమ్మసిల్లి పడుంది. చినమల్లు దోసిట్లో నీళ్ళు పోసి తాపాడు. "నీ వెంట నేనూ వస్తా" అంది పిట్ట.

సముద్రం ఒడ్డుకి పోతే ఒక తాబేలు, వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటా ఉంది. చినమల్లు తిరగేసి నిలబెట్టాడు. "నా వీపెక్కు. నీ వెంట నేను రావడం కాదు, నా వెంట నువ్వే వస్తావ్" అంది తాబేలు. ఆ తాబేలు ఎంత? చిన్న తాబేలు. మా పెరడంత ఉంటుంది.

మొదటిది ఉప్పు సముద్రం. అది మీకు తెలుసు. రెండోది చెరకురసం సముద్రం. ఎలుగు ఒంగి తాగడం మొదలుపెట్టింది. మూడోది కల్లు సముద్రం. అక్కడొచ్చింది తంటా. తాబేలు రెండు గుక్కలు తాగి, నేరుగా పోవాల్సింది పోయి గుండ్రంగా ఈదింది. ఒకటే పాట! పిట్ట నెత్తిన టకటకా పొడిస్తే గానీ దారికి రాలా. నాలుగోది నెయ్యి సముద్రం, ఎలుగు మళ్ళీ తాగింది. అయిదోది పెరుగు సముద్రం, మళ్ళీ తాగింది. ఆరోది పాల సముద్రం, అదీ వదల్లా.

"నువ్వసలు ఎందుకొచ్చావే?" అంది తాబేలు, బరువు మొయ్యలేక.

"నాకేం తెలుసు? రమ్మని ఎవరూ అనలా, నేనే వచ్చా" అంది ఎలుగు మూతి తుడుచుకుంటా.

ఏడోది మంచినీళ్ళ సముద్రం. దాని మధ్యలో దీవి. దీవి మధ్యలో చెట్టు. లోకానికి మిగిలిన ఒకే ఒక్క సోమిద. తొర్రలో బంగారు తలుపు, తలుపు వెనకాల చిలక. చెట్టుకి తూర్పున మంచం వేసుకుని ధూమదండి అన్నం తిని గురకపెడుతున్నాడు. ఆ గురకకి గడ్డం రెపరెపలాడుతుంది. మంచం పక్కన ఒక రోలు, ఒక రోకలి.

"వాడు నిద్రలో ఉండాడు. గమ్మున బెరడు తీసుకో, పోదాం" అంది తాబేలు.

కానీ పద్ధతి పద్ధతేగా. చినమల్లు చెట్టు ముందు నిలబడి, చేతులు జోడించి, అంకి నేర్పినట్టే గట్టిగా అడిగాడు. "అమ్మా సోమిదమ్మా! మా అమ్మకి జొరం. నీ ఒంటి మీది గుడ్డ అరచెయ్యంత చింపుకుంటా. కోపం తెచ్చుకోబాక!"

ఇంకేముంది? ధూమదండి దిగ్గున లేచాడు.

"ఎవడ్రా నువ్వు? దొంగతనానికి వచ్చి అరిచేవాణ్ణి నిన్నే చూస్తున్నా!"

"దొంగని కాదు తాతా, అడిగి తీసుకునేవాణ్ణి."

"ముందొచ్చినోడు గొడ్డలి తెచ్చాడు, వాణ్ణి రోలు చేశా. తర్వాతోడు వల తెచ్చాడు, వాణ్ణి రోకలి చేశా. మిరపకాయలు బాగా నలుగుతున్నాయి. నాకిప్పుడు తిరగలి లేక ఇబ్బందిగా ఉంది" అని మంత్రగాడు కర్ర ఎత్తాడు.

సరిగ్గా అప్పుడే వడ్రంగిపిట్ట ఎగిరి చెట్టుకి అవతలి పక్క వాలి పొడిచింది. టక్, టక్. బోలుగా మోగింది. "చినమల్లూ! ఈ పక్కంతా ఎండిపోయింది!"

చినమల్లు చెట్టు వెనక్కి పరిగెత్తాడు. చూస్తే ఏముంది? గజమల్లు గొడ్డలితో చెట్టు చుట్టూ బెరడు వొలిచేశాడు. పడమర వొలిచాడు, ఉత్తరం వొలిచాడు, దక్షిణం వొలిచాడు. తూర్పుకి వస్తుండగా మంత్రగాడికి దొరికిపోయాడు. తూర్పున ఒక్క పట్టీ మాత్రం మిగిలింది. ఆ ఒక్క పట్టీ మీదే చెట్టు బతుకుతా ఉంది.

"తాతా, తిరగలి సంగతి తర్వాత. ఇటొచ్చి చూడు."

ధూమదండి వచ్చి చూశాడు. కర్ర చేతిలోంచి జారింది. చిలకని కాసుకున్నాడు గానీ, నెలకొక్కసారన్నా చెట్టు చుట్టూ తిరిగి చూడలా. తన మంచం ఉన్న వైపు బాగుందిగా, అంతే.

"చెట్టు పోతే?" అన్నాడు మెల్లగా.

"తొర్ర పోద్ది. తొర్ర పోతే చిలక పోద్ది."

"చిలక పోతే?"

"అది నీకే బాగా తెలుసు."

చినమల్లు గుండెకాడి గుడ్డ తీశాడు. పసుపు చెయ్యి ఉన్న గుడ్డ. తూర్పున మిగిలిన పట్టీ మీద పరిచాడు. సరిగ్గా సరిపోయింది. ఒక వేలు ఎక్కువ కాదు, ఒక వేలు తక్కువ కాదు. వాళ్ళమ్మ అరచెయ్యంత.

తాబేలే ముందు నోరు తెరిచింది. "తీసుకో. మీ అమ్మ లేస్తుంది. వీడు పోతాడు. వీడి మంత్రం పోతే మీ అన్నలు లేస్తారు. ఇంకేం కావాల?"

బంగారు తలుపు తీసుకుని చిలక బయటికి తల పెట్టింది. ముసలి చిలక, ముక్కు పగుళ్ళు. "తీసుకో నాయనా. అమ్మ కోసం వచ్చావు. నేనేమీ అనుకోను" అంది.

చినమల్లు కత్తి తీశాడు. బెరడు మీద ఆనించాడు. పిల్లకాయల్లారా, ఇప్పుడు మీరైతే ఏం చేస్తారు? చెప్పబాకండి. అబద్ధం చెప్తారు.

వాడు కత్తి ఆనించి అట్టాగే నిలబడ్డాడు. ఇది తీస్తే అమ్మ లేస్తుంది. వచ్చే ఏడు మళ్ళీ జొరమొస్తుంది. ఎవరో ఒకరి అమ్మకి వస్తుంది. వాడు కొండెక్కి చూస్తే చెట్టుండదు, సముద్రాలు దాటి చూస్తే చెట్టుండదు. నాన్న చేసిందీ ఇదేగా. ప్రేమతోనేగా చేసింది.

కత్తి మడిచేశాడు. కింద కూలబడి, గుడ్డ మొహానికి పెట్టుకుని ఏడ్చాడు. ఎలుగుబంటి వచ్చి పక్కన కూర్చుంది. ఏం చెయ్యాలో తెలియక అదీ ఏడ్చింది.

ఏడ్చి ఏడ్చి, చీమిడి తుడుచుకుని, చినమల్లు లేచాడు. "పూత పూద్దాం. మూడు వానలు పడితే చుట్టూ కొత్త బెరడు వస్తుంది."

"మూడేళ్ళా? మీ అమ్మకి ఉన్నది పన్నెండు రోజులే" అంది పిట్ట.

చినమల్లు మంత్రగాడి వైపు తిరిగాడు. అప్పుడు మొదలుపెట్టాడయ్యా అసలు పని.

"తాతా, ముందు ఒక గంపెడు పేడ కావాల."

"బంగారం అడుగు, రెక్కల గుర్రాన్ని అడుగు. పేడేందిరా?"

"పేడే కావాల. మంత్రంతో తెస్తే అంటుకోదు. గంప నెత్తిన పెట్టుకుని నడిచి తేవాల."

లోకాలు గడగడలాడించిన ధూమదండి నెత్తిన గంప పెట్టుకుని దీవిలో మేసే ఆవుల వెంట తిరిగాడు. చిలక నవ్వి నవ్వి తొర్రలోంచి జారిపడబోయింది. "ఎడం పక్క కారతా ఉంది, చూసుకో ముసలోడా!" అంది.

"నీ కోసమేగా నా బంగారు తల్లీ" అన్నాడు వాడు, గడ్డం తుడుచుకుంటా.

"ఇప్పుడు ఒక గంపెడు సుద్దమన్ను."

అదీ తెచ్చాడు. చినమల్లు చిక్కగా, వేలికి అంటీ అంటనట్టు కలిపి, చెట్టు చుట్టూ పేడ మెత్తి, దాని మీద తెల్లగా సుద్ద పూశాడు.

"ఇక మూడోది. వానలు. అయితే అది నీవల్ల కాదులే."

"నావల్ల కాదా?"

"మా ఊళ్ళో కప్పలు అరిస్తే వానొస్తుంది. నువ్వు కప్పకన్నా గొప్పోడివా ఏంది?"

మంత్రగాడికి ఒళ్ళు మండింది. కర్ర గిర్రున తిప్పాడు. మబ్బు కమ్మింది. గుమ్మడికాయలంత చినుకులు. ఒక్కరోజులో ఒక వానాకాలం మొత్తం కురిసింది. పూసిన పూత కరగడం మొదలైంది.

"అయ్యో, పూత పోతా ఉంది!" అని పిట్ట అరిచింది.

అప్పుడు ఎలుగుబంటి లేచింది. ఇన్నాళ్ళూ తాగడం తప్ప ఏ పనీ చెయ్యని ఎలుగు, పోయి చెట్టుని రెండు చేతుల్తో గట్టిగా కావిలించుకుంది. అంత ఒళ్ళు, అంత బొచ్చు. ఒక్క చుక్క లోపలికి పోలా.

"ఇదొక వానా? మా అమ్మ చెయ్యి కడుక్కుంటే ఇంతకన్నా ఎక్కువ నీళ్ళు పడతాయి" అన్నాడు చినమల్లు, పీకల్లోతు నీళ్ళలో నిలబడి.

రెండోరోజు రెండో వానాకాలం. కుండపోత. చేపలు ఆకాశంలోకి ఈదుకుంటా పోయినాయి.

"పర్వాలేదు. చిన్నపిల్లలు భయపడతారు."

మూడోరోజు మూడో వానాకాలం. దాని గురించి నేను చెప్పను. చెప్తే మీ చొక్కాలు తడుస్తాయి.

మూడు రోజులూ ఎలుగు చెట్టుని వదల్లా. వానలు ఆగినాక మెల్లగా చేతులు విప్పింది. పూత రాలింది. కింద లేత బెరడు, చుట్టూ, దూడ మూతిలాగా మెత్తగా, ఎర్రగా. పిట్ట పొడిచి చూసింది. టప్, టప్. నిండుగా మోగింది. చెట్టు బతికింది!

చినమల్లు మళ్ళీ చేతులు జోడించి గట్టిగా అడిగాడు. తూర్పున, గుడ్డ పరిచి, సరిగ్గా అంతే ముదురు బెరడు తీశాడు. తీసినచోట పూత పూశాడు.

అంతా అయినాక ధూమదండి మళ్ళీ కర్ర ఎత్తాడు. మంత్రగాడు మంత్రగాడేగా. "నా ప్రాణం యాడుందో తెలిసినోణ్ణి ఎట్టా వదలమంటావ్?"

"వదలబాక తాతా. తిరగలి చేసుకో. అయితే వచ్చే ఏడు పూత ఎవరు పూస్తారు? పేడ పల్చగా కలపాలా, చిక్కగా కలపాలా? చెప్పు చూద్దాం."

"చిక్కగా."

"మొత్తం చిక్కగా కాదు."

"అయితే పల్చగా."

"అసలే కాదు."

మంత్రగాడు కర్ర దించాడు. చిలక కసిరింది. "కొడుకులాంటోడు, నీ ప్రాణం నిలబెట్టాడు. వాళ్ళన్నల్ని లేపు. నువ్వు లేపకపోతే నేనీ తొర్రలో ఉండను, తిండి తినను."

వాడు కర్ర తాకించాడు. రోలు లేచి గజమల్లు అయింది. రోకలి లేచి జగమల్లు అయింది. ఇద్దరూ ఒకటే తుమ్ములు, మిరపకాయల ఘాటు. గజమల్లు చెట్టు చుట్టూ తిరిగి చూసి, తలొంచుకుని, "అమ్మా సోమిదమ్మా, తప్పయింది" అన్నాడు. జగమల్లు చిలక ముందు నిలబడి అదే మాట అన్నాడు. చిలక కొమ్మ చివర్న ఎండిన కాయలు మూడు తెంచి చినమల్లు చేతిలో వేసింది. వాటి నిండా రెక్కల గింజలు.

రోజులు తక్కువున్నాయి, తాబేలు ఈదితే అందదు. ధూమదండి అందర్నీ తాబేలు మీద ఎక్కించి, గుండెల నిండా గాలి పీల్చి ఒక్క దగ్గు దగ్గాడు. ఏడు సముద్రాల మీదుగా తాబేలు రాయిలాగా ఎగిరి, నేరుగా కోట వాకిట్లో పడింది. ఆ గుంటలో ఇప్పటికీ బర్రెలు పడుకుంటాయి.

చినమల్లు తల్లి అరచెయ్యి విప్పి బెరడు పెట్టాడు. సరిపోయింది. ఆమె కళ్ళు తెరిచి, "ఇది నాకొక్కదానికేనా?" అంది. "ఊరంతా వణుకుతుంటే నేనొక్కదాన్నే తాగుతానా? పెద్ద కాగు పెట్టండి."

అరచెయ్యంత బెరడు ఊరందరికీ ఎట్టా సరిపోద్ది? సరిపోద్ది. నూరింది ఎవరనుకున్నారు? గజమల్లు, జగమల్లు! రోలుగా, రోకలిగా ఉండి వచ్చినోళ్ళు, నూరడం వాళ్ళకి చెప్పాలా? గాలికన్నా సన్నగా నూరారు. మూడోనాటికి ఊళ్ళో పెంకులు గలగలమనడం ఆగింది. రాణి లేచి కూర్చుంది. లేవగానే రాజుని పిలిచింది.

"కొండంతా వొలిచింది నా మీద ప్రేమతోనేనా?"

రాజు నేల చూపులు చూశాడు. "ఊఁ."

"ఈసారి కొంచెం తక్కువగా ప్రేమించండి."

ఆ మాటకి రాజు నవ్వాడు, ఏడ్చాడు, తుమ్మాడు. కోళ్ళన్నీ కూశాయి.

చినమల్లు గింజలు తీసుకుని కొండెక్కాడు. అంకి గుడిసె ముందు నిలబడి, "నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అన్నాడు.

"ముందు ఆ గింజలు బతకనీ. నూరు వేస్తే తొంభై చస్తాయి. చచ్చినప్పుడల్లా మళ్ళీ వేస్తావో, అలిగి కోటకి పోతావో చూస్తా" అంది అంకి.

తొంభై అంది, తొంభై అయిదు చచ్చాయి. మిగిలిన అయిదింటికీ కంచె కట్టి, ఎండకి నీళ్ళు మోశారు. చినమల్లు మోశాడు, అన్నలు మోశారు, రాజు కిరీటం పక్కన పెట్టి తలపాగా చుట్టి బిందె మోశాడు. అయిదు పెరిగి గింజలిచ్చాయి, గింజలు రెక్కలు విప్పుకుని కొండంతా ఎగిరాయి. ఏడేళ్ళు చినమల్లు కొండ దిగలా. ఏడోయేట ఒకరోజు అంకి వాడి చేతులు పట్టుకుని తిప్పి చూసింది. కాయలు కాసి, పగిలి, గోళ్ళలో సుద్దమన్ను.

"ఇప్పుడు ఇవి చేతులు" అంది.

పెళ్ళి కొండ మీదే చేశారు. చిలకని భుజాన పెట్టుకుని ధూమదండి కూడా వచ్చాడు, గంపెడు పేడ కట్నంగా తెచ్చాడు. రాణి పెళ్ళికొడుక్కీ, పెళ్ళికూతురికీ, ముసలి మంత్రగాడిక్కూడా తన చేత్తోనే ముద్దలు పెట్టింది. చినమల్లూ అంకీ అరవై వానాకాలాలు ఏలారు. వాళ్ళ రాజ్యంలో అరచెయ్యి దాటి బెరడు తీసినోడు లేడు.

ఏంది, ఆ మూల ఎవరో ముసిముసిగా నవ్వుతున్నారు? అబద్ధం అంటారా? సరే. మూడు రోజులు చెట్టుని కావిలించుకుంది చూడు ఎలుగు, దాని రొమ్ముకి సుద్ద అంటుకుని, ఎంత కడిగినా పోలా. దాని బిడ్డలకీ అట్టాగే వచ్చింది, వాటి బిడ్డలకీ వచ్చింది. నల్లటి ఎలుగుబంటికి రొమ్ము మీద ఆ తెల్ల గుర్తు ఎట్టా వచ్చిందో నేను చెప్పా. కాదంటే మీరు చెప్పండి. లేదా అడవికి పోయి, ఎలుగుబంటిని ఆపి, "ఏదీ, ఒకసారి చేతులెత్తు" అని అడిగి, రొమ్ము గీకి చూసి రండి. సుద్ద కాకపోతే నా మీసం తీసేస్తా. పోండి మరి. నేను ఈ అరుగు మీదే కూర్చుంటా.